200×230 పిక్సెళ్లు, 200 డీపీఐ, 20–50 కేబీ: పైథాన్‌లో ఫోటో రిజల్యూషన్ మార్చేటప్పుడు ఈ మూడూ ఎలా కుదురుతాయి?

కృష్ణాతీరం_కోడ్ (ప్రశ్న)

బ్యాంకు పరీక్షల దరఖాస్తులకు ఫోటోలు, సంతకాలు సిద్ధం చేసే ప్రోగ్రామ్ ఒకటి పైథాన్‌లో, పిల్లో లైబ్రరీతో రాస్తున్నాను. ఐబీపీఎస్ ప్రకటనల్లో ఇచ్చే కొలతలే లక్ష్యం. ఫోటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140×60, 10 నుంచి 20 కేబీ. ఎడమ బొటనవేలి ముద్ర 200 డీపీఐ దగ్గర 240×240, 20 నుంచి 50 కేబీ. చేతిరాత డిక్లరేషన్ అదే డీపీఐలో 800×400, 50 నుంచి 100 కేబీ.

ఇప్పుడున్న కోడ్ మూడే వరుసలు. ఇమేజ్.ఓపెన్‌తో తెరవడం, రీసైజ్((200, 230)), ఆ తర్వాత సేవ్‌లో డీపీఐ=(200, 200). సమస్యలు ఇవి:

– ముఖాలు వెడల్పుగా సాగినట్టు వస్తున్నాయి. కొన్ని ఫోటోలైతే పక్కకి పడుకుని ఉంటున్నాయి.
– ఫైలు 8, 9 కేబీ దగ్గరే ఆగిపోతోంది. 20 కంటే తక్కువని పోర్టల్ తిరగ్గొడుతోంది.
– రీసైజ్ తీసేసి డీపీఐ మాత్రం 72 నుంచి 200 చేస్తే పిక్సెళ్లలో ఏ మార్పూ లేదు. మరి రిజల్యూషన్ పెరిగినట్టా, లేనట్టా?
– సంతకం గీతలు తేలిపోయి లేత బూడిదరంగులో కనిపిస్తున్నాయి.
– కొన్ని పీఎన్‌జీ ఫైళ్లను జేపెగ్‌గా సేవ్ చేయబోతే ఆర్‌జీబీఏ మోడ్ కుదరదని ఎర్రర్. ఒక ఫోన్ నుంచి వచ్చిన ఫోటో అసలు తెరుచుకోవడమే లేదు, డీకంప్రెషన్ బాంబ్ ఎర్రర్ అంటోంది.
– ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్‌లో యాంటీఅలియాస్ అని ఉంది. అది పెడితే అలాంటి అట్రిబ్యూట్ లేదంటోంది.

ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాతో వరుస చెప్పగలరా?

---

బిట్‌మ్యాప్

రిజల్యూషన్ అనే ఒక్క మాట కింద మీరు మూడు వేర్వేరు సంగతులు పెట్టుకున్నారు. విడదీస్తే సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి.

మొదటిది పిక్సెళ్ల లెక్క. బొమ్మలో నిజంగా ఉన్న సమాచారం అదే. దాన్ని మార్చేవి రీసైజ్, కత్తిరింపు మాత్రమే.

రెండోది డీపీఐ. ఇది ఫైలు తలలో రాసి ఉంచే ఒక అంకె, ఈ బొమ్మను కాగితం మీద వేస్తే అంగుళానికి ఎన్ని చుక్కలు పట్టించాలో చెప్పే చీటీ అన్నమాట. చీటీ మారిస్తే చుక్కలు పెరగవు, తరగవు. జేపెగ్ ఫైలు జేఎఫ్‌ఐఎఫ్ అనే మామూలు తలతో మొదలైతే ఇది ఎక్కడుంటుందో వేలుపెట్టి చూపించొచ్చు. బైట్లను సున్నా నుంచి లెక్కపెడితే 13వ బైటు యూనిట్: 0 అయితే యూనిట్ లేదు, 1 అయితే అంగుళానికి, 2 అయితే సెంటీమీటరుకు. 14, 15 బైట్లు అడ్డం సాంద్రత, 16, 17 నిలువు సాంద్రత. 200 డీపీఐ కావాలంటే 13 నుంచి 17 వరకు వరుసగా 1, 0, 200, 0, 200 రాస్తే చాలు, బొమ్మను మళ్లీ కంప్రెస్ చేయాల్సిన పనే లేదు. అయితే మొదటి నాలుగు బైట్లు 255, 216, 255, 224 అని సరిచూసుకున్నాకే చేయి పెట్టండి. నాలుగోది 225 అయితే ఆ ఫైలు ఎగ్జిఫ్‌తో, అంటే కెమెరా రాసిపెట్టే వివరాలతో, మొదలైనట్టు. అందులో ఆ స్థానాల్లో వేరే సమాచారం ఉంటుంది, రాస్తే ఫైలు పాడవుతుంది.

మూడోది కేబీ. అది పిక్సెళ్ల సంఖ్య, క్వాలిటీ అంకె, బొమ్మలోని వివరం కలిసి తేల్చే ఫలితం. దాన్ని మీరు నేరుగా ఇవ్వలేరు, వెతికి పట్టుకోవాలి.

ఇక ముఖం సాగడం. ప్రకటనలోనే ఒక తిరకాసు ఉంది, చాలామంది గమనించరు. అతికించే పాస్‌పోర్ట్ ఫోటో 3.5×4.5 సెంటీమీటర్లు, అంటే వెడల్పు–ఎత్తు నిష్పత్తి 0.78. పిక్సెళ్ల పెట్టె 200×230 నిష్పత్తి 0.87. ఆ ప్రింటును స్కాన్ చేసి ఉన్నదున్నట్టు 200×230లోకి తోస్తే ముఖం దాదాపు 12 శాతం వెడల్పవుతుంది. ఫోన్ నిలువు ఫోటో 3:4, అంటే 0.75. అక్కడ సాగుడు 16 శాతం. కాబట్టి ముందు కత్తిరించాలి, తర్వాతే కుదించాలి. ఈ రెంటినీ ఇమేజ్‌ఆప్స్.ఫిట్ ఒకేసారి చేస్తుంది.

ఫిట్‌కు సెంటరింగ్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది, దాన్ని వదలొద్దు. డిఫాల్ట్ (0.5, 0.5). ఉదాహరణకు 3000×4000 ఫోటోలో వెడల్పు అంతా ఉంచితే ఎత్తు 3450 చాలు, 550 వరుసలు పోవాలి. 0.5 అయితే పైన 275, కింద 275 పోతాయి. పైన తల దగ్గర అంత ఖాళీ లేకపోతే జుట్టు తెగుతుంది. సెంటరింగ్=(0.5, 0.2) ఇస్తే పైన 110, కింద 440 పోతాయి. భుజాల దగ్గర కోస్తే నష్టం లేదు, నుదురు తెగితే మాత్రం ఫోటో పనికిరాదు.

పడుకున్న ఫోటోల సంగతి. ఫోన్ ఎలా పట్టుకున్నా సెన్సర్ తన పద్ధతిలోనే బొమ్మ రాసి, ఎటు తిప్పి చూపాలో ఎగ్జిఫ్‌లో ఓరియెంటేషన్ అనే ట్యాగ్‌లో పెడుతుంది, దాని నంబరు 274. గ్యాలరీ యాప్ ఆ ట్యాగ్ చూసి తిప్పుతుంది. పిల్లో తనంతట తాను తిప్పదు. సేవ్ చేసేటప్పుడు మీరు ఎగ్జిఫ్ ఇవ్వకపోతే ఆ ట్యాగ్ కూడా పోతుంది. అందుకే కొత్త ఫైలు శాశ్వతంగా పడుకుంటోంది. తెరవగానే ఇమేజ్‌ఆప్స్.ఎగ్జిఫ్_ట్రాన్స్‌పోజ్ పిలవండి, వెనక్కి వచ్చే బొమ్మను వాడండి. ఫిట్ తర్వాత పిలిస్తే 200×230 కాస్తా 230×200 అవుతుంది, అందుకని వరుస ముఖ్యం. ఎగ్జిఫ్ పోవడం వల్ల ఒక మేలు కూడా ఉంది: ఫోటో ఎక్కడ తీశారో చెప్పే జీపీఎస్ వివరం పోర్టల్ దాకా వెళ్లదు.

పీఎన్‌జీలో నాలుగో ఛానెల్ పారదర్శకత. జేపెగ్‌కు అది లేదు, అందుకే ఆ ఎర్రర్. కన్వర్ట్("ఆర్‌జీబీ") అని సరిపెట్టకండి. పారదర్శకంగా ఉన్న చోట అడుగున దాగిన రంగు బయటపడుతుంది, చాలాసార్లు అది నలుపు. అదే పరిమాణంలో తెల్లటి కొత్త బొమ్మ చేసి, ఆల్ఫా ఛానెల్‌ను మాస్క్‌గా ఇచ్చి దాని మీద పేస్ట్ చేయండి.

యాంటీఅలియాస్ అనేది, కుదించేటప్పుడు పిక్సెళ్లను నునుపుగా కలిపే లాంక్జోస్ ఫిల్టర్‌కే పాత పేరు. 2023లో వచ్చిన పిల్లో 10లో తీసేశారు. ఇప్పుడు ఇమేజ్.రీశాంప్లింగ్.లాంక్జోస్ అనాలి.

మొత్తం వరుస: తెరవడం, ఎగ్జిఫ్ ప్రకారం తిప్పడం, తెల్లటి నేల మీద ఆర్‌జీబీ చేయడం, ఫిట్, క్వాలిటీ వెతుకుతూ సేవ్.

క్వాలిటీ వెతకడానికి పెద్ద తెలివి అవసరం లేదు. 95 నుంచి మొదలుపెట్టి ఐదేసి చొప్పున దిగండి, ప్రతిసారి బైట్స్‌ఐఓ (మెమరీలోనే ఉండే ఫైలు లాంటిది)లోకి సేవ్ చేసి పొడవు చూడండి. ఇంత చిన్న బొమ్మకు ఒక్కో సేవ్ క్షణం కూడా పట్టదు. హద్దుల్ని 20, 50 అని కాకుండా 22, 48 అని పెట్టుకోండి. ఒక కేబీ అంటే 1000 బైట్లని కొందరు, 1024 అని కొందరు లెక్కేస్తారు, అంచున ఉన్న ఫైలు అక్కడ ఇరుక్కుంటుంది.

మీకు 8, 9 కేబీ ఎందుకొస్తోందంటే పిల్లో డిఫాల్ట్ క్వాలిటీ 75, పైగా రంగు వివరాన్ని నాలుగు పిక్సెళ్లకు ఒకటిగా కుదించే 4:2:0 సబ్‌శాంప్లింగ్. క్వాలిటీ=95, సబ్‌శాంప్లింగ్=0 ఇవ్వండి, మామూలు ముఖచిత్రం చాలాసార్లు 20 దాటుతుంది. తెల్లటి గోడ ముందు తీసిన నున్నటి ఫోటో అప్పటికీ దాటకపోవచ్చు. ప్రకటనలో పిక్సెళ్ల పక్కన ‘ప్రాధాన్యం’ అన్న అర్థంలో మాట ఉంటుంది, కేబీ పక్కన మాత్రం ‘ఉండాలి’ అని ఉంటుంది. అలాంటప్పుడు అదే 20:23 నిష్పత్తిలో 300×345 గానీ 400×460 గానీ చేసి మళ్లీ వెతకండి. మీరు దరఖాస్తు చేసే ఏడాది ప్రకటనలో మాట ఎలా ఉందో చూసుకున్నాకే ఇది చేయాలి.

---

నీలిసిరా

పైన చెప్పినది ఫోటోకు సరిపోతుంది. సంతకం వేరే జాతి, దాని లెక్క వేరు.

ముందు కేబీ చూడండి. 140×60 అంటే 8,400 పిక్సెళ్లు. ఏ కంప్రెషనూ లేకుండా మూడు రంగులూ రాసినా 25,200 బైట్లే. గ్రే మోడ్‌లో అయితే ఒట్టి 8,400 బైట్లు. మూడొంతులు తెల్ల కాగితమే ఉన్న బొమ్మను జేపెగ్ ఇంకా కుదించేస్తుంది. అలాంటప్పుడు 10 కేబీ కింది హద్దు గ్రేలో అందనే అందదు, రంగులో కూడా కష్టమే. క్వాలిటీతో కుస్తీ పట్టడం దండగ. 7:3 నిష్పత్తి వదలకుండా 280×120 లేదా 420×180 చేయండి, పిక్సెళ్లు 33,600 లేదా 75,600 అవుతాయి, అప్పుడు వెతకడానికి చోటు ఉంటుంది.

గీతలు తేలిపోవడానికి కారణం కాగితం మొత్తాన్ని కుదించడం. 3000 పిక్సెళ్ల వెడల్పు ఫోటోలో పెన్ను గీత 12 పిక్సెళ్లు ఉందనుకోండి. మొత్తాన్ని 140కి తెస్తే 21 రెట్ల కుదింపు, గీత అర పిక్సెల్‌కు కాస్త పైన. మిగతా సగం పిక్సెల్ కాగితం తెలుపు. రెండూ కలిసి బూడిదరంగు. అదే ఫోటోలో సంతకం ఉన్న 1400 పిక్సెళ్ల మేర మాత్రమే కత్తిరించి కుదిస్తే 10 రెట్లు, గీత 1.2 పిక్సెళ్లు, నల్లగా నిలుస్తుంది. 280కి చేస్తే 2.4.

కత్తిరింపు చేత్తో చేయనక్కర్లేదు. ఇలా:

1. కన్వర్ట్("ఎల్")తో గ్రే మోడ్‌లోకి మార్చి, వెడల్పు 1200 దగ్గరికి తెచ్చిన ఒక నకలు తీసుకోండి. వెతకడం అంతా దీని మీదే.
2. ఫోన్‌తో తీసిన కాగితం మీద చేతి నీడ ఉంటుంది. దాన్ని వదిలి నలుపు–తెలుపు హద్దు పెడితే నీడ మొత్తం సంతకంగా లెక్కలోకొస్తుంది. నకలుకు మ్యాక్స్‌ఫిల్టర్(15) వేయండి. ప్రతి చోటా చుట్టుపక్కల అత్యంత తెల్లని విలువ తీసుకుంటుంది గనుక సన్నటి సిరా గీతలు మాయమై కాగితం, నీడ మాత్రమే మిగులుతాయి. ఫిల్టర్ సైజు బేసి సంఖ్యే ఉండాలి, గీత మందం కంటే ఎక్కువ ఉండాలి. దాని మీద గాసియన్‌బ్లర్ కొద్దిగా.
3. నంపై (అంకెల పట్టికలతో లెక్కలు చేసే లైబ్రరీ)లో అసలు నకలును ఈ కాగితం బొమ్మతో భాగించి 255తో గుణించండి. భాగించే ముందు ఫ్లోట్‌లోకి మార్చండి, హారంలో సున్నా రాకుండా కనీసం 1 పెట్టండి, చివర 0–255 మధ్య క్లిప్ చేసి మళ్లీ 8 బిట్లకు తేవాలి. క్లిప్ మరిస్తే 255 దాటిన విలువలు చుట్టూ తిరిగొచ్చి తెల్లని చోట నల్ల మచ్చలు పడతాయి.
4. ఇమేజ్‌గా మార్చి మీడియన్‌ఫిల్టర్(3) వేసి, పాయింట్‌తో 140 కంటే తక్కువ ఉన్నవి 255, మిగతావి 0 చేయండి. గెట్‌బీబాక్స్ ఇప్పుడు సంతకం చుట్టూ పెట్టె ఇస్తుంది. మీడియన్ లేకపోతే కాగితం మూలన ఉన్న ఒక్క ధూళి చుక్క చాలు, పెట్టె అక్కడిదాకా సాగుతుంది.
5. ఆ పెట్టె కొలతల్ని పూర్తి సైజు ఫోటో స్కేల్‌కు హెచ్చించి, నాలుగు వైపులా 5 నుంచి 8 శాతం వదిలి కత్తిరించండి.
6. ఇక్కడ ఫిట్ వాడకండి, ఇమేజ్‌ఆప్స్.ప్యాడ్ వాడండి, నేల రంగు తెలుపు. ఫిట్ అయితే పొడుగు సంతకం చివరి అక్షరం కోసేస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. కొన్ని స్కానర్లు సంతకాన్ని ఒక బిట్ నలుపు–తెలుపు ఫైలుగా ఇస్తాయి, పిల్లోలో దాని మోడ్ "1". రంగుల పట్టికతో వచ్చే జిఫ్, పీఎన్‌జీల మోడ్ "పి". ఈ రెండు మోడ్‌లలో మీరు లాంక్జోస్ అడిగినా పిల్లో చెప్పకుండా నియరెస్ట్ (దగ్గరి పిక్సెల్‌ను ఉన్నదున్నట్టు తీసుకునే పద్ధతి) వాడుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, గీతలు మాత్రం రంపపు పళ్లలా వస్తాయి. మొదటిదాన్ని "ఎల్"కు, రెండోదాన్ని "ఆర్‌జీబీఏ"కు మార్చి ఆ తర్వాతే రీసైజ్ చేయండి. ఈ ఒక్క దానివల్ల ఫిల్టర్లన్నీ మార్చి మార్చి చూసినా తేడా కనపడక జనం విసిగిపోతుంటారు.

---

గోదారిగట్టు

తెరుచుకోని ఫోటో గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అది చెబుతాను.

చిన్న ఫైలులో బ్రహ్మాండమైన బొమ్మను దాచి సర్వర్ మెమరీ నింపేసే దాడులు ఉన్నాయి. వాటిని ఆపడానికి పిల్లో ఒక హద్దు పెట్టుకుంది: 8,94,78,485 పిక్సెళ్లు. అది దాటితే హెచ్చరిక, దానికి రెట్టింపు 17,89,56,970 దాటితే ఎర్రర్. 108 మెగాపిక్సెల్ ఫోటో, 12000×9000, హెచ్చరికతో బయటపడుతుంది. 200 మెగాపిక్సెల్ ఫోటో, 16320×12240, దాదాపు 20 కోట్ల పిక్సెళ్లు, ఎర్రర్ కొడుతుంది. మీకు వచ్చింది అలాంటిదే అయి ఉంటుంది. ఇమేజ్.మ్యాక్స్_ఇమేజ్_పిక్సెల్స్ విలువను ఓపెన్‌కు ముందే 25 కోట్లు చేయండి. నన్ (పైథాన్‌లో ‘ఏమీ లేదు’ అని చెప్పే విలువ) అని పెట్టి హద్దు తీసేయమని కొన్నిచోట్ల రాస్తారు. బయటివాళ్లు ఫైళ్లు ఎక్కించే ప్రోగ్రామ్‌లో అది తప్పు.

హద్దు పెంచినంత మాత్రాన మెమరీ రాదు. పిల్లో ఆర్‌జీబీ పిక్సెల్‌కు లోపల నాలుగు బైట్లు వాడుతుంది, అంటే ఆ ఫోటో ఒక్కటే దగ్గర దగ్గర 800 ఎంబీ. 4 జీబీ మెమరీ ఉన్న మెషీన్‌లో నాలుగు ప్రాసెస్‌లు పక్కపక్కన నడిపితే అంతే సంగతులు. మందు డ్రాఫ్ట్. ఓపెన్ అయ్యాక, పిక్సెళ్లను ముట్టుకోకముందు, డ్రాఫ్ట్("ఆర్‌జీబీ", (800, 800)) అనండి. జేపెగ్ డీకోడర్ అప్పుడు పూర్తి బొమ్మను విప్పకుండానే సగానికో నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో విప్పుతుంది, మీరడిగిన కొలతకు తగ్గకుండా. పై ఫోటో 2040×1530గా వస్తుంది, 13 ఎంబీ లోపే. పాస్‌పోర్ట్ సైజుకు అది బోలెడు. ఎగ్జిఫ్_ట్రాన్స్‌పోజ్ పిక్సెళ్లను లోడ్ చేస్తుంది కాబట్టి డ్రాఫ్ట్ దానికంటే ముందుండాలి. ఫోటో అడ్డమో నిలువో అప్పటికి తెలియదు, అందుకే రెండు కొలతలూ 800 ఇచ్చాను. జేపెగ్ కాని ఫైళ్లకు డ్రాఫ్ట్ ఏమీ చేయదు, ఊరుకుంటుంది.

పిల్లో బదులు ఓపెన్‌సీవీ అనే మరో లైబ్రరీతో చేయాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. రీసైజ్‌లో కొలత (వెడల్పు, ఎత్తు), షేప్‌లో మాత్రం (ఎత్తు, వెడల్పు, ఛానెళ్లు). తారుమారైతే ఎర్రర్ రాదు, బొమ్మే వంకరవుతుంది. డిఫాల్ట్ ఇంటర్_లీనియర్ ప్రతి కొత్త పిక్సెల్‌కు పాత బొమ్మలో నాలుగే పిక్సెళ్లు చూస్తుంది. 15 రెట్లు కుదించేటప్పుడు మధ్యలో ఉన్నవన్నీ దాటేస్తుంది, గళ్ల చొక్కా మీద లేని చారలు పుడతాయి. ఇంటర్_క్యూబిక్, లాంక్జోస్4 కూడా కుదింపులో ఇదే చేస్తాయి. కుదించడానికి ఇంటర్_ఏరియా వాడండి. పిల్లో లాంక్జోస్ పేరు ఒకటే అయినా పని వేరు, కుదింపును బట్టి తన కిటికీని పెంచుకుంటుంది. 15 రెట్లయితే ఒక్కో దిశలో 90 పిక్సెళ్ల మేర చూస్తుంది.

మన భాషలో ఫైలు పేర్లు పెట్టేవాళ్లకు ఇది తప్పక తగులుతుంది. విండోస్‌లో ‘సంతకం’ అని తెలుగు లిపిలో పేరున్న ఫోల్డర్‌లోంచి ఇమ్‌రీడ్ తెరవలేదు. ఎర్రర్ ఇవ్వకుండా నన్ తిరిగిస్తుంది. తర్వాతి వరుసలో రీసైజ్ దగ్గర ‘ఎస్‌సైజ్.ఎంప్టీ’ అని ఏదో వస్తే మీరు రీసైజ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. నంపై ఫ్రమ్‌ఫైల్‌తో బైట్లు చదివి ఇమ్‌డీకోడ్‌కు ఇవ్వండి, రాసేటప్పుడు ఇమ్‌ఎన్‌కోడ్ చేసి టుఫైల్. పిల్లోకు ఈ ఇబ్బంది లేదు. పైగా ఓపెన్‌సీవీ ఇమ్‌రైట్‌లో జేపెగ్‌కు డీపీఐ పెట్టే వీలు లేదు, టిఫ్‌కు ఉంది. మీ పనికి పిల్లోయే తగినది.

---

కృష్ణాతీరం_కోడ్

అందరికీ ధన్యవాదాలండీ. ఫిట్, ట్రాన్స్‌పోజ్ పెట్టాక ముఖాలు సరిగ్గా వచ్చాయి. 200 మెగాపిక్సెల్ ఫోటో కూడా తెరుచుకుంది.

ఇంకా మూడు ఉన్నాయి. క్వాలిటీ లూప్‌లో అంకె తగ్గిస్తున్నకొద్దీ సైజు పెరుగుతోంది, ఎందుకో అర్థం కాలేదు. ఐఫోన్ ఫోటోల్లో చర్మం రంగు పాలిపోతోంది. సైజు తక్కువైన ఫైలుకు జేపెగ్ కామెంట్‌లో ఖాళీ బైట్లు నింపి 20 కేబీ దాటించవచ్చా? పిల్లో సేవ్‌లో కామెంట్ ఆర్గ్యుమెంట్ కనిపించింది. పనిలో పనిగా వేలిముద్రకు 200 డీపీఐ అని ఎందుకు ప్రత్యేకంగా అడుగుతారు, అంకె ఒక చీటీయే అయినప్పుడు?

---

బిట్‌మ్యాప్

లూప్ బయట ఒకే బైట్స్‌ఐఓ చేసి లోపల మళ్లీ మళ్లీ దాన్నే వాడుతున్నారు. రెండో సేవ్ మొదటిదాని తోకకు అతుక్కుంటుంది, మూడోది దాని తోకకు. మీరు కొలుస్తున్నది అన్నింటి మొత్తాన్ని. ప్రతి తిప్పుకూ కొత్త బైట్స్‌ఐఓ చేయండి. ఇంకొకటి చూసుకోండి: ప్రతి తిప్పులోనూ మెమరీలో ఉన్న ఫిట్ అయిన బొమ్మనుంచే సేవ్ కావాలి. ముందు తిప్పులో వచ్చిన జేపెగ్‌ను తెరిచి దాన్నే మళ్లీ సేవ్ చేస్తే నష్టం మీద నష్టం పేరుకుని కళ్ల చుట్టూ గళ్లు తేలతాయి.

ఐఫోన్ ఫోటోల రంగులు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన పరిధిలో ఉంటాయి, ఆ సంగతి చెప్పే ఐసీసీ ప్రొఫైల్ ఫైలులో ఉంటుంది. పిల్లో జేపెగ్ సేవ్‌లో మీరు అడిగితే తప్ప ప్రొఫైల్ రాయదు. ప్రొఫైల్ లేని ఫైలును అందరూ ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరల రంగుల పరిధి) అనుకుని చూపిస్తారు, అందుకే పాలిపోతుంది. ప్రొఫైల్‌ను జతచేయడం కంటే ఇమేజ్‌సీఎమ్ఎస్‌లోని ప్రొఫైల్‌టుప్రొఫైల్‌తో పిక్సెళ్లనే ఎస్‌ఆర్‌జీబీకి మార్చేయడం నయం, ఎందుకంటే పోర్టల్ ఆ ప్రొఫైల్ ఉంచుతుందన్న నమ్మకం లేదు. ఇది ఆర్‌జీబీ చేశాక, ఫిట్‌కు ముందు. ఐఫోన్ వాడే హెచ్ఈఐసీ ఫార్మాట్ ఫైళ్లే వస్తే పిల్లో‌–హీఫ్ ప్యాకేజీ పెట్టుకుని రిజిస్టర్_హీఫ్_ఓపెనర్ ఒకసారి పిలిస్తే మామూలు ఓపెన్‌తోనే తెరుచుకుంటాయి.

కామెంట్ నింపడం సాంకేతికంగా కుదురుతుంది, ఒక్కో కామెంట్ సెగ్మెంట్‌లో 65,533 బైట్లు పడతాయి. కానీ వద్దంటాను. అవతల ఎవరైనా ఫైలును మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే ఆ కొవ్వంతా కరిగిపోతుంది, పరీక్ష గదిలో ముఖంతో పోల్చి చూసేవారికి దానివల్ల ఒక్క పిక్సెల్ కూడా అదనంగా దొరకదు. కింది హద్దు పెట్టిందే గుర్తుపట్టలేని ఫోటో రాకూడదని. నిజమైన పిక్సెళ్లతోనే అది నిండాలి.

---

నీలిసిరా

వేలిముద్ర దగ్గర డీపీఐ చీటీ కాదు, స్కానర్‌కు ఇచ్చే ఆజ్ఞ. 200 డీపీఐ అంటే కాగితం మీద ప్రతి 0.127 మిల్లీమీటరుకు ఒక పిక్సెల్. వేలి గీతల మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు, కాబట్టి ఒక గీతా దాని పక్క గాడీ కలిపి నాలుగు పిక్సెళ్లు దొరుకుతాయి. 100 డీపీఐలో స్కాన్ చేస్తే రెండే పిక్సెళ్లు. కాస్త పక్కకు జరిగితే గీత, గాడి ఒకే పిక్సెల్‌లో కలిసిపోతాయి. తర్వాత రీసైజ్‌తో 240×240కి పెంచి, డీపీఐ 200 అని రాసినా విడిపోవు. 3 సెంటీమీటర్ల మేర 200 డీపీఐలో 236 పిక్సెళ్లు వస్తుంది, వాళ్లు 240 అన్నారు. డిక్లరేషన్ కూడా అంతే, 10 సెంటీమీటర్లకు 787, గుండుగుత్తగా 800. ఈ చిన్న తేడాకు రీసైజ్ అక్కర్లేదు, స్కాన్ చేసేటప్పుడు చుట్టూ కాస్త ఎక్కువ తీసుకుని సరిగ్గా 240×240 కత్తిరించండి. ఒక్క పిక్సెల్ కూడా కదలదు. ఫోన్‌తో తీయాల్సి వస్తే ముద్ర ఫ్రేమ్ అంతా నిండేలా దగ్గర్నుంచి తీసి కుదించండి. దూరం నుంచి తీసినదాన్ని పెంచడం వద్దు.

పెంచడం గురించి ఇంకో మాట. వాట్సాప్‌లో వచ్చిన చిన్న ఫోటోలను ఏఐ సూపర్ రిజల్యూషన్‌తో పెద్దవి చేసే లైబ్రరీలు ఉన్నాయి. పాత ఫోటో గోడకు తగిలించుకోవడానికి బాగుంటాయి. గుర్తింపు ఫోటోకు, సంతకానికి, వేలిముద్రకు మాత్రం వాటిని తేవద్దు. లేని కనుబొమ్మ వెంట్రుకల్ని, లేని గీతల్ని ఊహించి గీస్తాయి, అది ఆ మనిషి ముఖం కాదు. ఫోటో పంపేవాళ్లను వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అసలు ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది.

---

గోదారిగట్టు

సేవ్ అయ్యాక ఫైలును మళ్లీ తెరిచి నాలుగు సంగతులు సరిచూసే ఫంక్షన్ ఒకటి పెట్టుకోండి: సైజ్, డిస్క్ మీది బైట్లు, ఇన్ఫోలోని డీపీఐ, ఫార్మాట్. ఫార్మాట్ ఎందుకంటే పేరు చివర జేపీజీ అని ఉన్నా లోపల పీఎన్‌జీ ఉండే ఫైళ్లు బోలెడు. పిల్లో పేరును కాదు, లోపలి బైట్లను చూసి చెబుతుంది. పీఎన్‌జీ డీపీఐ పోల్చేటప్పుడు రౌండ్ చేయండి. ఆ ఫార్మాట్ సాంద్రతను మీటరుకు పిక్సెళ్లుగా, పూర్ణాంకంలో దాస్తుంది. 200 డీపీఐ అంటే 7874, తిరిగి చదివితే 199.9996. ఇంట్‌తో కోస్తే 199 అయి, సరిగ్గా ఉన్న ఫైలును మీ ప్రోగ్రామే తప్పంటుంది.